ఉలికిపాటు కాదు, భయం కావాలి: ఎలా?

పది నిమిషాల దెయ్యం సినిమా ఒకటి తీస్తున్నాను. తొలి కూర్పు (ఎడిటింగ్) మిత్రులకు చూపిస్తే, తలుపు దడాలున మూసుకున్నప్పుడు ఉలిక్కిపడ్డారు, మరుక్షణమే నవ్వేశారు! 1975లో వచ్చిన ‘జాస్’ సినిమాలో యంత్రపు సొరచేప మాటిమాటికీ మొరాయించడంతో దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని చాలాసేపు దాచిపెట్టి, నీటి కదలికతో, రెండే స్వరాల సంగీతంతో వణికించారు. నా దెయ్యం మొదటి నిమిషంలోనే కనిపిస్తుంది, బహుశా అదే నా తప్పు.

అసలు చూపించకపోతే ప్రేక్షకులు మోసపోయామనుకుంటారా? నిశ్శబ్దాన్ని ఎంతసేపు సాగదీయవచ్చు? నా దగ్గరున్నవి ఒక పెంకుటిల్లు, ఒక కెమెరా, ఒక మైకు. కూర్పు, శబ్దం పని తెలిసినవారు కాస్త చెప్పండి. నేపథ్య సంగీతం పెంచమని మాత్రం అనకండి, అది ఇప్పటికే చేసి చూశాను. ఇంకా ఎక్కువ నవ్వారు.