వనభోజనాల సామాను తుప్పు వదిలించాలి, శనివారం గ్యారేజ్‌కి ఎవరెవరు వస్తున్నారు?

సామాను టీమ్: అందరికీ నమస్తే అండి. కార్తీక వనభోజనాలకి అని స్టోరేజ్ తెరిచాం. ఏసీ లేని యూనిట్ కదా, హ్యూస్టన్ ఎండాకాలం తేమంతా లోపలే మగ్గింది, దోసె పెనాలు, బూరెల మూకుడు, బర్నర్ స్టాండ్లు, కత్తిపీట, టెంట్ బోల్టులు అన్నీ ఎర్రగా అయిపోయాయి. కొత్తవి కొందాం అంటున్నారు గానీ ఆ పెనాలు సూట్‌కేసుల్లో ఇండియా నుంచి మోసుకొచ్చినవి, పారేసే మాటే లేదు. శనివారం మా గ్యారేజ్‌లో కూర్చుందాం. గ్యాలన్ వైట్ వెనిగర్ డబ్బాలు ఎవరైనా తెస్తే శుక్రవారం రాత్రే అన్నీ ఒకే టబ్‌లో పడేసి నానబెట్టేస్తా.

వంటల టీమ్: అన్నా ఆగండి ఆగండి, పెనాలు రాత్రంతా వద్దు!! వెనిగర్‌లో ఆసిడ్ 5 శాతమే గానీ తుప్పంతా పోయాక అది ఇనుముని తినడం మొదలెడుతుంది, పెనం మీద చిన్న చిన్న గుంటలు పడితే ఇంక దోసె లేవదు. సగం నీళ్లు సగం వెనిగర్ కలిపి అరగంటకోసారి తీసి స్టీల్ పీచుతో రుద్ది చూడాలి, తుప్పు పోగానే బయటికి తీసేయడమే. స్టాండ్లు, కత్తిపీట అంటారా, అవి కొంచెం ఎక్కువసేపున్నా పర్లేదు, కత్తిపీట చెక్క మాత్రం తడవనివ్వకండి.

ఇంకోటి, అసలు పని కడిగాకే ఉంది. వంటసోడా నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి వెంటనే పొయ్యి మీద పెట్టి ఆరబెట్టాలి. గుడ్డతో తుడిచి పక్కన పెడితే కళ్ల ముందే మళ్లీ పసుపురంగు తిరుగుతుంది. ఆరాక నూనె పల్చగా, అంటే రాసి మళ్లీ తుడిచేసినంత పల్చగా, పట్టించి ఓవెన్‌లో 450 ఫారెన్‌హీట్‌లో బోర్లించి గంట ఉంచాలి. పిక్నిక్ రోజు సగం ఉల్లిపాయ నూనెలో ముంచి రుద్దుకోవడం మామూలే, మొదటి రెండు దోసెలు ఎవరికీ పెట్టొద్దు.

కొత్త వాలంటీర్: వెనిగర్ వాసన నాకు పడదండి, నిమ్మ ఉప్పు వాడొచ్చా? ఇండియన్ స్టోర్‌లో ప్యాకెట్ దొరుకుతుంది. దీపం కుందులు కూడా అందులోనే వేసేద్దామా?

వంటల టీమ్: నిమ్మ ఉప్పు భేషుగ్గా పనిచేస్తుంది, వేడినీళ్లలో వేస్తే ఇంకా త్వరగా. కానీ కుందులు ఇత్తడివి, ఇనుముతో కలిపి ఒకే టబ్‌లో వేస్తే ఇత్తడిలో రాగి కరిగి ఇనుము మీద ఎర్రగా పూత పడుతుంది, అదీ తుప్పే అనుకుని మళ్లీ రుద్దుతూ కూర్చుంటాం. కుందులకి చింతపండు, ఉప్పు చాలు, అవి నేను ఇంట్లో తోముకొస్తా అక్కా.

టెంట్ టీమ్: బోల్టుల జోలికి మాత్రం ఎవరూ వెళ్లకండి ప్లీజ్. వాటి మీద ఉండేది జింక్ పూత, వెనిగర్ ముందు దాన్నే తినేస్తుంది, పైకి తళతళలాడినా తర్వాత ఇంకా తొందరగా తుప్పు పడతాయి. గాలేస్తే టెంట్‌ని పట్టుకునేవి అవే, కింద పిల్లలు కూర్చుంటారు. హోమ్ డిపోలో కొత్తవి కొనేద్దాం, ఖర్చు కూడా పెద్దగా కాదు. ఇంకో మాట, గ్యారేజ్‌లో బ్లీచ్ ఉంటే ముందే లోపల పెట్టేయండి, వెనిగర్‌తో కలిస్తే విషపు గ్యాస్ వస్తుంది. టబ్‌కి మూత కూడా బిగించొద్దు, ఇనుము నానుతుంటే గ్యాస్ పుడుతుంది.

సామాను టీమ్: సరే, శుక్రవారం నానబెట్టడం క్యాన్సిల్, శనివారం పొద్దున 9కి మొదలెడదాం. పెనాలు వంటల టీమ్ చేతిలోనే, స్టాండ్లు, కత్తిపీట నేను చూస్తా. బోల్టుల సైజు ఎవరైనా ఫోటో తీసి పెట్టండి. గ్లవ్స్, పాత టవల్స్ తెచ్చుకోండి, నల్లటి మురికి చేతులకి ఒక పట్టాన వదలదు. ఉసిరి మొక్క కుండీ ఎవరు తెస్తున్నారో ఇంకా తేలలేదు, దాని థ్రెడ్‌లో చెప్పండి, ఇక్కడ కాదు 😄

కొత్త వాలంటీర్: నిమ్మ ఉప్పు ప్యాకెట్లు నావి. టిఫిన్ ఎవరిది?