చాటునా, మాటునా?

పాత నోట్‌బుక్‌లో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ప్రోటాన్ సీసం కేంద్రకాన్ని తాకినప్పుడు వెనక న్యూక్లియాన్లు ముందువాటి …టున పడిపోతాయి." షాడోయింగ్ గురించి మా మాస్టారు చెప్పిన మాట. న్యూక్లియాన్లంటే కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్లు; అవి విడివిడిగా ఉన్నప్పటికంటే కేంద్రకంలో తక్కువ ప్రభావం చూపడమే షాడోయింగ్. ఆ మొదటి అక్షరం చెమ్మకు చెరిగిపోయింది. చాటునా, మాటునా?

— చాటునే. తల్లిచాటు బిడ్డ అంటాం, తల్లిమాటు బిడ్డ అనం. మాటులో పొంచి ఉండడం ఉంది. న్యూక్లియాన్ ఎవరి కోసం మాటు వేస్తుంది?

— మబ్బుల మాటున చంద్రుడు ఎవరి కోసం పొంచి ఉన్నాడండీ? మాటు వేయడం వేరు, మాటున ఉండడం వేరు.

— చాటుతో ఇంకో చిక్కు ఉంది. చాటున దాస్తాం, చాటి చెబుతాం. చాటువు మళ్లీ వేరు, అది సంస్కృతం. శ్రీనాథుడి పల్నాటి చాటువు గుర్తుందా?

— నాగులేటి నీళ్లు, నాపరాళ్లు! ఒక్క క్రియ లేకుండా సీమంతా కళ్ల ముందు పెట్టాడు మహానుభావుడు. ఆ పద్యం ఎన్నిసార్లు చదివినా దాహం వేస్తుంది.

— నాకు రెండు మాటలూ నచ్చలేదు. 2013లో ఎల్‌హెచ్‌సీ అనే పెద్ద కణ త్వరణయంత్రంలో 5.02 టీఈవీ శక్తి దగ్గర ప్రోటాన్లను సీసంతో ఢీకొట్టించారు. ప్రోటాన్ పోయే దిశలో, ఆ ఢీలో పుట్టే జె/సై అనే బరువైన కణాలు సీసం కేంద్రకంలోని 208 న్యూక్లియాన్ల లెక్కకు రావలసినన్ని రాలేదు. అక్కడ పాల్గొనే గ్లుయాన్‌కి, అంటే న్యూక్లియాన్ లోపల క్వార్కులను అతికించి ఉంచే కణానికి, న్యూక్లియాన్ ఊపులో (మొమెంటంలో) ఉండే వాటా చాలా చిన్నది. అలాంటి గ్లుయాన్ కేంద్రకం మందాన్ని మించి పరుచుకుంటుంది. పక్కవాటి గ్లుయాన్లతో కలిసిపోతుంది. ముందూ వెనకా లేనిచోట చాటెక్కడిది? 'కలగలుపు' అనండి.

— అది కేంద్రకం పరుగెత్తుతున్నట్టు చూస్తే కనిపించే బొమ్మ. దాన్ని నిలబెట్టి చూడండి. ముందరి న్యూక్లియాన్ల మీద చెదిరిన తరంగం, వెనకవాటి మీద చెదిరిన తరంగం ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. అప్పుడు చాటు సరిగ్గా సరిపోతుంది.

— మరి 1975 నాటి క్రోనిన్ ఫలితం? అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో అడ్డ ఊపు, అంటే పుంజం దిశకు అడ్డంగా ఉండే ఊపు, కొన్ని జీఈవీలు ఉన్నచోట కణాలు తగ్గలేదు, పెరిగాయి. కేంద్రకంలో ఒకటికి రెండుసార్లు తగిలి పక్కకు తోసుకుపోవడం వల్ల అని మామూలుగా చెప్పే కారణం. దానికి చాటూ పనికిరాదు, కలగలుపూ పనికిరాదు.

— షాడోయింగ్‌కి తిరగబడి ప్రభావం పెరగడాన్ని, అదే యాంటీషాడోయింగ్‌ని, మాత్రం దయచేసి 'ప్రతిచ్ఛాయ' అనకండి. అది ప్రతిబింబం.

— మొదటి ప్రశ్నకు వస్తాను. అమ్మా, ఆ చెరిగిన చోట ఏం మిగిలిందో చూడండి. 'మ' అయితే కుడివైపు కొమ్ములాంటి తోక ఉండాలి.

— చూశానండీ. దీర్ఘం ఉంది. దాని ముందు చిన్న గుండ్రం మాత్రమే మిగిలింది.

— గుండ్రం రెండింటికీ ఉంటుంది కదమ్మా.