12 వారాల చిన్న స్టడీ అబ్రాడ్ ప్రోగ్రామ్: క్రెడిట్లు సరిపోతాయా, వీసా రోజులు చాలతాయా?

ప్రశ్న: యూరప్‌లో, షెంగెన్ దేశంలోనే (ఒకే వీసాతో తిరగగలిగే దేశాల కూటమిలో), 12 వారాల ప్రోగ్రామ్‌లో సీటు వచ్చింది. బ్యాచ్ మొత్తం 14 మందే, అక్కడ చూసుకునే కోఆర్డినేటర్ ఒక్కరే. నాలుగు కోర్సులు, ఒక్కోటి 5 ఈసీటీఎస్ (యూరప్ యూనివర్సిటీల క్రెడిట్ లెక్క). మా యూనివర్సిటీలో కోర్సుకు 3 చొప్పున ఈ టర్మ్‌కి 12 క్రెడిట్లు చూపించాలి. నాలుగుకి నాలుగు కాబట్టి సరిపోయినట్టేనా? వసతి అక్కడి కుటుంబంతో. మూడు రోజులు ముందే దిగి, అయిపోయాక ఒక వారం ఊళ్ళు తిరిగి రావాలని ఉంది.

జవాబు 1: సరిపోవండీ. కోర్సుల సంఖ్య కాదు, క్రెడిట్లు లెక్కపెట్టండి. ఈసీటీఎస్‌లో ఏడాదికి 60. మీలాంటి 3 క్రెడిట్ల కోర్సుల పద్ధతిలోకి మార్చేటప్పుడు ఎక్కువ చోట్ల రెండింటికి ఒకటి లెక్క వేస్తారు. అంటే 5 ఈసీటీఎస్ కోర్సు మీ దగ్గర రెండున్నరే. నాలుగూ కలిపి 20, అంటే 10 క్రెడిట్లు. రెండు తగ్గాయి. చాలామందికి ఇది తిరిగొచ్చాకే తెలుస్తుంది, అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

ఐదో కోర్సు తీసుకుంటే పోలా అనిపిస్తుంది. తొందరపడకండి. ఒక ఈసీటీఎస్ అంటే క్లాసు, చదువు, పరీక్ష అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల పని. 25 ఈసీటీఎస్‌ని 12 వారాల్లో ఇరికిస్తే వారానికి 52 నుంచి 62 గంటలు. ఊరు చూడటం మాట అటుంచండి, నిద్ర కూడా చాలదు.

దానికంటే, ఒక్కో కోర్సులో అదనంగా ఒక పేపర్ రాసి 5ని 6 చేయించుకునే వీలుందేమో అడగండి. నాలుగు ఆర్లు 24, మీ 12 వచ్చేస్తాయి. పని గంటలు పెద్దగా తగ్గవు గానీ, ఐదో కోర్సు క్లాసులు, పరీక్ష ఉండవు. బ్యాచ్ చిన్నదైతే ప్రొఫెసర్లు ఇలాంటివాటికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. కాకపోతే ఆ 6 అనే అంకె ట్రాన్‌స్క్రిప్ట్‌లో (అక్కడివాళ్ళిచ్చే మార్కులు, క్రెడిట్ల పత్రంలో) పడాలి. నోటిమాటకి మీ రిజిస్ట్రార్ దగ్గర విలువ లేదు.

జవాబు 2: క్రెడిట్ల సంగతి పైన చెప్పారు, నేను వీసా చెబుతాను. షార్ట్ స్టే వీసా మీద షెంగెన్‌లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఉండకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకే వస్తాయి. మీ 12 వారాలు 84, ముందు 3, తర్వాత 7, మొత్తం 94. నాలుగు రోజులు మించిపోయారు. తిరుగుడు మూడు రోజులకి కుదించుకోండి, లేదా లాంగ్ స్టే వీసా అడగండి.

ఇంకోటి. వీసా స్టిక్కర్ మీద తేదీల గడువు ఒకటి, ఉండగల రోజుల సంఖ్య ఇంకొకటి. తేదీలు వంద రోజులు చూపించినా రోజుల గడిలో 85 అని ఉంటే 85 రోజులే. జనం పొరబడేది ఇక్కడే. రొమేనియా, బల్గేరియా వెళ్ళొస్తే ఆ రోజులు లెక్కలోకి రావనే పాత సలహా కూడా పట్టించుకోకండి. క్రొయేషియా 2023లో, ఆ రెండూ 2025 జనవరి నాటికి పూర్తిగా షెంగెన్‌లోకి వచ్చేశాయి.

దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టొచ్చు, 15 రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాస్‌పోర్ట్ గడువు తిరుగు ప్రయాణం తర్వాత కూడా మూడు నెలలు మిగిలుండాలి.

ప్రశ్న అడిగినవారు: రెండూ నాకు తట్టనే లేదు, థాంక్సండీ. ఒక కోర్సులో ఇప్పటికి ఐదుగురే చేరారట. అది ఎత్తేస్తారా?

జవాబు 1: ఎత్తేయొచ్చు. పెద్ద యూనివర్సిటీలో ఒకటి పోతే పక్కన పది ఉంటాయి, 14 మంది ప్రోగ్రామ్‌లో ఉన్నవే ఆరో ఏడో. అందుకే నాలుగు కావాలంటే కనీసం ఆరింటికి ఇక్కడే, మీ యూనివర్సిటీలో, అనుమతి తీసుకోండి. కనీసం ఎంతమంది ఉంటే నడుపుతారు, ఏ తేదీకి తేలుస్తారు అని కోఆర్డినేటర్‌ని మెయిల్‌లో అడగండి.

అనుమతికి కోర్సు పేరు చాలదు. వారాలవారీ పాఠాలు, క్లాసు గంటలు, చదవాల్సిన పుస్తకాలు, మార్కుల విభజన ఉన్న సిలబస్ పంపాలి. "పరిచయం" అనే మాటతో మొదలయ్యే పేరు చూసి కింది స్థాయి కోర్సుగా కట్టేస్తారు, సిలబస్ చూపిస్తే మారుస్తారు.

మార్కులెలా మారుస్తారో కూడా ఇప్పుడే రాయించుకోండి. ఫ్రాన్స్‌లో 20కి 10 పాస్, 14 మంచి మార్కు. దాన్ని 70 శాతంగా చదివితే మీకు నష్టం. జర్మనీలో 1.0 అన్నిటికంటే మేలు, 4.0 పాస్, 5.0 తప్పినట్టు. పట్టిక లేకుండా క్లర్కు అంచనాకి వదిలేయకండి.

జవాబు 3: వసతి గురించి ఎవరూ చెప్పలేదు. తినని పదార్థాలు, పెంపుడు జంతువుల అలర్జీ ఫారంలోనే రాయండి. తాళంచెవి, స్నానం వేళలు, వాషింగ్ మెషిన్, అతిథుల సంగతి మొదటి రెండు రోజుల్లో అడిగేయండి. మొహమాటపడితే మూడో వారానికి చిరాకుగా మారుతుంది. కుదరకపోతే ఎన్నో రోజు వరకు ఇల్లు మార్చమని అడగొచ్చో ముందే కనుక్కోండి.

కోఆర్డినేటర్ ఒక్కరే అన్నారు కదా, ఆయన సెలవులో ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ రెండో నంబర్ తీసుకోండి. అత్యవసరానికి యూరోపియన్ యూనియన్ అంతటా 112. మందులు వాడుతుంటే చీటీలో బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరు రాయించండి, బ్రాండ్లు దేశానికొకటి.

భాష నేర్చుకోవాలనుంటే, 14 మందీ ఎప్పుడూ కలిసే తిరిగితే ఒక్క వాక్యం రాదు. వారానికి రెండు సాయంత్రాలు విడిగా పెట్టుకుని భాషా మార్పిడికి ఒక జతగాడిని వెతుక్కోండి.

జవాబు 1: ఒకటి మర్చిపోయాను. ప్రోగ్రామ్ అయ్యాక వాళ్ళ లాగిన్ మూసేస్తారు. చివరి వారంలోనే సిలబస్‌లు, దిద్దిన పేపర్లు, అనుమతుల మెయిళ్ళు పీడీఎఫ్‌గా దించుకోండి. ట్రాన్‌స్క్రిప్ట్ ఏ చిరునామాకి, ఎవరి పేరున వెళ్ళాలో రాసిచ్చి రండి. క్రెడిట్లు మీ రికార్డులో కనబడేదాకా ఏదీ చెరిపేయకండి.