రొయ్య తలలోని గోధుమరంగు ముద్ద ఏ అవయవం? తల ఎందుకు వదులవుతుంది?

ప్రశ్న: విడవలూరు రైతు

మొన్న తెల్లవారుజామున మా వనామీ రొయ్యల చెరువులో పట్టుబడి చేశాము, అంటే పెరిగిన సరుకును వలతో పట్టాము. ఐస్ బండి రెండు గంటలు ఆలస్యం కావడంతో సరుకు పట్టా మీదే ఉండిపోయింది. కొనడానికి వచ్చినాయన ఒక రొయ్యను తలకూ ఒంటికీ మధ్య వంచి చూసి, తల వదులైందని ధర తగ్గించారు. తలలో ఉండే ఆ ముద్దను మేము హెచ్‌పీ అంటాము గాని, అది కాలేయమా, వేరొకటా? తల వదలడానికీ దానికీ సంబంధం ఉందా?

జవాబు: కావలి, ల్యాబ్ టెక్నీషియన్

హెచ్‌పీ అంటే హెపాటోపాంక్రియాస్. మనిషిలో కాలేయం, క్లోమం విడివిడిగా చేసే పనులను రొయ్యలో ఈ ఒక్క అవయవమే చేస్తుంది. మేతను అరిగించే ఎంజైములు ఇందులోనే తయారవుతాయి, కొవ్వు కూడా ఇందులోనే నిల్వ ఉంటుంది. చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూడటానికి చెరువులో దించే పళ్లెంలో) వచ్చిన రొయ్యను వెలుతురుకు ఎత్తి చూస్తే పెంకు కింద ముదురు గోధుమరంగులో నిండుగా కనిపించాలి. అది పాలిపోయి, కుంచించుకుపోయి, వేళ్ల మధ్య నలిపినా తేలికగా నలగకపోతే ఈఎంఎస్‌ను, అంటే చిన్న వయసులోనే రొయ్యలను చంపే బాక్టీరియా జబ్బును, అనుమానించాలి. హెచ్‌పీలో చేరే సూక్ష్మ పరాన్నజీవి ఈహెచ్‌పీతో వచ్చే జబ్బు అలా కాదు: రొయ్యలు పెద్దగా చావవు, ఎదుగుదల ఆగి ఒకే చెరువులో చిన్నా పెద్దా కలిసి వస్తాయి. దాని బీజాలు సుమారు ఒక మైక్రాన్ సైజులోనే ఉంటాయి కాబట్టి కంటిచూపుతో తేల్చకుండా ల్యాబ్‌లో పీసీఆర్ (దాని జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) చేయించండి.

జవాబు: ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజర్

మీ ప్రశ్నకు అసలు సమాధానం ఆ రెండు గంటల్లోనే ఉంది. రొయ్య చచ్చిపోయినా హెచ్‌పీలోని ఎంజైములు పని ఆపవు. తినడానికి మేత లేనప్పుడు అవి ముందు ఆ అవయవాన్నీ, తరువాత దానిని ఆనుకొని ఉన్న కండనూ అరిగిస్తాయి. ఆ కండ మెత్తబడినప్పుడే తల ఊగుతుంది. హెచ్‌పీ పగిలి దాని రసం పాకితే తల ఎర్రగానో నల్లగానో మారుతుంది. పెంకు మీద తరువాత వచ్చే నల్లమచ్చలు మాత్రం వేరే ఎంజైము గాలి తగిలి చేసే పని. ఎండ ఎక్కితే ఇదంతా మరీ త్వరగా జరుగుతుంది. అందుకే వలలోంచి తీసిన సరుకును నేరుగా ఐస్ నీళ్లలో ముంచి చంపి, ఆ తరువాత కిలో రొయ్యకు కిలో ఐస్ చొప్పున పొరలు పొరలుగా వేయాలి. రొయ్య బరువులో మూడో వంతుకు పైగా తలే కాబట్టి, హెడ్ ఆన్‌గా (తలతో సహా) అమ్మాల్సిన సరుకు హెడ్‌లెస్‌కు (తల తీసిన సరుకుకు) దిగితే నష్టం ఎంతో మీకే తెలుసు.

జవాబు: నెల్లూరు, వైద్యుడు

మనిషి క్లోమం తన ఎంజైములను పనిచేయని రూపంలో దాచుకొని, చిన్నపేగులోకి వెళ్లాకే పనిచేయనిస్తుంది. అవి లోపలే చురుకైతే క్లోమం తనను తానే అరిగించుకుంటుంది. మేము ప్యాంక్రియాటైటిస్ అనేది అదే. మీ పట్టా మీద జరిగింది దాదాపు అలాంటిదే. అన్నట్టు, మనుషుల లివర్ టానిక్‌ను మేతలో కలుపుతున్నామని చెప్పే రైతులు నా దగ్గరికి వస్తుంటారు. దానితో ఈహెచ్‌పీ పోదు.

విడవలూరు రైతు

అందరికీ ధన్యవాదాలు. రెండో చెరువు పట్టుబడి వచ్చే వారం ఉంది. ఐస్ గట్టు మీద దిగాకే వల దించమని మనుషులకు చెప్పాను.