అప్‌డేట్: లెజియోనెల్లా ట్రైనింగ్‌కి వీడియో కోర్సు సరిపోతుందా అని అడిగాను కదా

గుర్తులేనివాళ్లకి: ఇంగ్లండ్‌లో ఒక చిన్న హోటల్లో మెయింటెనెన్స్ చేస్తాను. లెజియోనెల్లా (నీళ్లలో పెరిగి, తుంపర పీల్చినవాళ్లకి న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా) పెరగకుండా నీళ్ల చెకింగ్ నా నెత్తిన పెట్టి, అరగంట వీడియో చూసి సర్టిఫికెట్ తెచ్చుకో చాలన్నారు. చాలదని ఇక్కడ చాలామంది చెప్పారు. హెచ్‌ఎస్‌ఈ (ఇక్కడ పనిచోట్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వారి ఎల్‌8 అనే లెజియోనెల్లా నియమావళిలో ఈ పని చేసేవాళ్లకు తగిన శిక్షణ ఉండాలన్న భాగం చూపించాక మేనేజర్ మెత్తబడ్డారు. క్లాస్‌రూమ్ కోర్సుకి పంపారు.

పొద్దున అంతా చరిత్రే: ఈ జబ్బు మొదట బయటపడ్డ 1976 ఫిలడెల్ఫియా, 2002లో ఇంగ్లండ్‌లోనే బారో-ఇన్-ఫర్నెస్‌లో దీంతో 7 మంది చనిపోయిన ఘటన. అసలు సరుకు మధ్యాహ్నం. థర్మామీటర్ ఇచ్చి వాష్‌బేసిన్ దగ్గర నిలబెట్టారు. వేణ్నీళ్లు 41 డిగ్రీలు చూపిస్తున్నాయి. "ఇది రాసుకుంటావా?" అన్నారు ట్రైనర్. కింద మిక్సింగ్ వాల్వ్ ఉంది, ఒళ్లు కాలకుండా చన్నీళ్లు కలిపి ఇస్తోంది. కొలవాల్సింది వాల్వ్‌లోకి వచ్చే వేడి పైపు మీద! అక్కడ నిమిషంలోపు 50 అందుకోవాలి. చన్నీళ్లయితే రెండు నిమిషాలు వదిలాక 20 లోపు. ఆ మధ్యలో ఉంటే ఈ బ్యాక్టీరియాకి పండగే. వీడియోలో ఈ వాల్వ్ ఊసే లేదు.

ఇప్పుడు హౌస్‌కీపింగ్ వాళ్లకీ నేర్పిస్తున్నాం. ఖాళీ గదుల్లో నీళ్లు నిలవుండిపోకుండా వారానికోసారి కుళాయిలు, షవర్లు వదలాలి, తుంపర లేవకుండా. టెన్షన్ ఒక్కటే, వదలకుండానే టిక్ పెట్టేస్తారేమోనని. అందుకే అప్పుడప్పుడు నేనే వెళ్లి చూస్తున్నాను. స్టోర్‌రూమ్ గోడలో వాడని పాత పైపు ముక్క ఒకటి బయటపడింది, అందులోనూ నీళ్లు నిలిచిపోతాయి కాబట్టి దాన్ని కోయించడానికి ప్లంబర్‌ని పిలిచాం. అందరికీ థాంక్స్.