పాడెల్ రాకెట్: పవర్ కాస్త తగ్గినా పర్లేదు, కంట్రోల్ కావాలి

ప్రశ్న: పాడెల్ (గోడల మధ్య ఆడే టెన్నిస్‌లాంటి ఆట)లో నాది ఇంటర్మీడియట్ లెవెల్. ఇప్పుడున్నది 375 గ్రాముల డైమండ్ షేప్ రాకెట్. వాలీకి (బంతి నేల తాకకముందే కొట్టే షాట్) చెయ్యి ఆలస్యమవుతోంది, మోచేయి లాగుతోంది. షాపులో 18కె కార్బన్ ముఖం ఉన్నది తీసుకోమంటున్నారు. సరైనదేనా అండీ?

జవాబు: ముందు షేప్ మార్చండి. డైమండ్‌లో బరువు తల వైపు ఉంటుంది, స్వీట్ స్పాట్ (బంతి సరిగ్గా తగలాల్సిన చోటు) చిన్నది. మధ్యలో తగలని ప్రతి బంతీ చేతిని అదరగొడుతుంది. రౌండ్ షేప్, 355–365 గ్రాములు, ఫైబర్‌గ్లాస్ ముఖం చూడండి. చూపుడువేలి మీద అడ్డంగా పెట్టి ఎక్కడ సమతూకంగా నిలుస్తుందో చూడండి: పిడి అడుగు నుంచి 25 సెంటీమీటర్ల చుట్టుపక్కల నిలిస్తే మంచిదే, 26.5 దాటితే వదిలేయండి. 18కె అంటే పోగులో 18 వేల తంతువులని, అంతే. అది నాణ్యత మార్కు కాదు.

జవాబు: రాకెట్ లోపలి ఫోమ్ మరీ మెత్తనిదీ వద్దు. స్మాష్‌కి నొక్కుకుపోయి పవర్ చస్తుంది, మన ఎండలకు ఇంకా మెత్తబడుతుంది. మీడియం సాఫ్ట్ ఈవీఏ (ఒక రకం ఫోమ్) చాలు. కారు డిక్కీలో మాత్రం పెట్టకండి.

జవాబు: పిడి సన్నగా ఉంటే తెలియకుండానే బిగించి పట్టేస్తాం, మోచేతికి అదే దెబ్బ. ఓవర్‌గ్రిప్ (పిడి మీద చుట్టే పలచటి పట్టీ) ఒకటి చుట్టండి. 5 గ్రాములు పెరిగినా అది పిడి వైపే కాబట్టి తల తేలికగా అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే వేలి మీద పెట్టి చూశా. 27!