ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు ఏ యాప్ నిలుస్తుంది? నాలుగు నెలల్లో ఏడు మార్చేశాను

జీడితోట_31

నమస్తే అందరికీ. మాది ఆమదాలవలస. రోజూ బస్సులో శ్రీకాకుళం వచ్చి ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర పని చేస్తున్నాను, ఇరవై మూడు షాపుల జీఎస్టీ రిటర్నులు నేనే చూస్తాను. పోయిన ఏడాది విశాఖలో సైకియాట్రిస్ట్‌కి చూపించుకుంటే ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే ధ్యాస ఒకచోట నిలవని సమస్య. చిన్నప్పటి నుంచీ ఉన్నదేనట. ప్రోగ్రెస్ కార్డులో ఏటా రాసిన "తెలివైనది, శ్రద్ధ లేదు" అన్న మాటకు ముప్పై ఏళ్లు వచ్చాక ఒక పేరు దొరికింది. ఆ రోజు తిరుగు రైల్లో ఏడుపు ఆగలేదు.

అప్పటి నుంచి పనులు రాసుకునే, గుర్తుచేసే యాప్‌ల మీద పడ్డాను. టోడోయిస్ట్, టిక్‌టిక్, నోషన్, కీప్, ఇంకో మూడు. ప్రతిదానికీ మొదటి వారం బ్రహ్మాండంగా ఉంటుంది, రంగులు పెడతాను, లిస్టులు విడగొడతాను, రాత్రి పన్నెండు దాకా కూర్చుని సర్దుతాను. పదో రోజుకి ఆ యాప్ నా కంటికి ఆనదు. నోటిఫికేషన్ వస్తూనే ఉంటుంది, వేలు దానంతటదే పక్కకు తోసేస్తుంది. ఒక్కోసారి ఏదో రాసుకుందామని ఫోన్ తీస్తాను, వాట్సాప్ కనబడుతుంది, అక్కడి నుంచి రీల్స్, ఇరవై నిమిషాల తర్వాత అసలు ఫోన్ ఎందుకు తీశానో గుర్తుండదు.

గత నెల ఒక జీడిపప్పు వ్యాపారికి 3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్ను, వేయాలి. 20 ఆఖరి తేదీ అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. క్యాలెండర్‌లో ఉంది, పొద్దున్నే నోటిఫికేషన్ వచ్చింది కూడా. అప్పుడు బస్సులో ఉన్నాను, ఆఫీసుకు వెళ్లాక చూద్దాం అనుకున్నాను. మళ్లీ గుర్తొచ్చింది 24న. రోజుకు 50 చొప్పున 200 లేట్ ఫీజు, వడ్డీ వేరే, అన్నీ నేనే కట్టాను. డబ్బు సంగతి అటుంచితే, ఆయన "నీ మీద వదిలేసి నిశ్చింతగా ఉన్నానమ్మా" అన్న మాట ఇప్పటికీ గుచ్చుతోంది.

ఇంట్లో కూడా అంతే. పాలు పొంగిపోతాయి, పప్పు మాడుతుంది, స్కూటీ తాళాలు రోజుకో చోట. అత్తయ్య "ఏటమ్మా, మనసెక్కడెట్టినావు" అంటారు. కోప్పడరు, ఆవిడకి నిజంగా అర్థం కాదు.

మీలో ఎవరైనా ఏదైనా ఒక యాప్ ఏడాది పాటు వాడగలిగారా? స్మార్ట్‌వాచ్ కొంటే పనికొస్తుందా? మూడు వేల దాకా పెట్టగలను. దయచేసి సొంతంగా వాడినవాళ్లే చెప్పండి, యూట్యూబ్‌లో చూసి చెప్పొద్దు.

కోటపక్క_మాస్టారు

అమ్మా, మాది విజయనగరం, స్కూల్లో లెక్కలు చెబుతాను. మా బాబుకి తొమ్మిదో ఏట ఏడీహెచ్‌డీ అని తేలింది. డాక్టరు గారు వాడి గురించి ఒక్కో ప్రశ్న అడుగుతుంటే నా చిన్నతనం కళ్ల ముందు తిరిగింది. ఇది వంశంలో గట్టిగానే దిగుతుంది. తర్వాత నేనూ చూపించుకున్నాను, 41వ ఏట.

ముందు ఒక మాట. యాప్‌లు మారడం నీ తప్పు కాదమ్మా. కొత్తదనం ఉన్నన్నాళ్లే మన మెదడు ఒకదాన్ని పట్టుకుని ఉంటుంది, పాతబడగానే గోడ మీద క్యాలెండర్‌లా అయిపోతుంది, ఉంటుంది కానీ కనబడదు. అందుకని ఎనిమిదో యాప్ వెతకొద్దు. నేను ఒక దశలో యాప్‌లు వెతకడం మానేసి, ఒక్కో పనికి ఈ గుర్తు నాకు ఏ చోట, ఏ నిమిషంలో కావాలి అని చూసుకోవడం మొదలుపెట్టాను. నీ 20వ తేదీనే చూడు. గుర్తు బస్సులో వచ్చింది, పని ఆఫీసు కంప్యూటర్ దగ్గర ఉంది. మధ్యలో అరగంట. మన తలలోంచి ఒక విషయం తుడిచిపెట్టుకుపోవడానికి అరగంట ఎక్కువే. రస్సెల్ బార్క్లీ అని అమెరికా సైకాలజిస్టు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నది ఇదే. ఏం చేయాలో వీళ్లకు తెలుసు, తెలిసినదాన్ని చేయాల్సిన వేళకి చేయలేకపోవడమే ఇబ్బంది, కాబట్టి సాయం కూడా ఆ పని జరిగే చోటే పెట్టాలి అంటాడాయన.

ఇంకోటి, కాలం. మనకు ఉన్నవి రెండే, "ఇప్పుడు", "ఇప్పుడు కాదు". 20 అన్నది 19 రాత్రి దాకా "ఇప్పుడు కాదు"లోనే కూర్చుంటుంది, తెల్లారేసరికి మీద పడుతుంది. మా అమ్మ ఎప్పుడూ తేదీలు చెప్పేది కాదు, మా ఊరి పైడితల్లమ్మ జాతర లెక్కనే చెప్పేది. "తొలేళ్లకి ముందు", "సిరిమాను అయిన వారానికి" అనేది, ఒక్క పనీ తప్పేది కాదు. నేనూ అదే పట్టుకున్నాను. గంటకు కట్టిన పని నాకు జారిపోతుంది, ఏదైనా జరిగేదానికి కట్టిన పని నిలుస్తుంది. "ఎనిమిదింటికి మాత్ర" ఎప్పుడూ మర్చిపోయేవాణ్ణి. "టీ గ్లాసు కింద పెట్టగానే మాత్ర" అనుకున్నాక తప్పలేదు.

ఇక నేను వాడేది గూగుల్ క్యాలెండర్ ఒక్కటే, ఆరేళ్లుగా. అందం చందం ఏమీ లేదు. విడ్జెట్ మొదటి స్క్రీన్ మీద పెట్టాను, వాట్సాప్‌ని మూడో స్క్రీన్‌కి తోశాను. పని ఆఖరి తేదీని రాయను, మొదలుపెట్టే తేదీని రాస్తాను. నిజంగా తప్పకూడని పనికి క్యాలెండర్ నోటిఫికేషన్‌ని నమ్మను, అది ఒకసారి టింగుమని ఊరుకుంటుంది. గడియారం యాప్‌లో అలారం పెడతాను, దాని పేరు దగ్గర పూర్తి వాక్యం రాస్తాను. ఉత్త "3బీ" అని రాస్తే మనం చదివి "ఆఁ తెలుసులే" అనుకుంటాం, "ఫలానా షాపు ఫైల్ ఇప్పుడు తెరువు" అని ఉంటే చెయ్యి కదులుతుంది. అది కూడా నువ్వు కుర్చీలో కూర్చునే వేళకి మోగాలి, బస్సులో ఉండగా కాదు. పని మొదలెట్టకుండా అలారం ఆపెయ్యొద్దు, స్నూజ్ నొక్కు, పదిసార్లైనా నొక్కు.

ఫోన్లో ఇంకోటి చూసుకోవాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి యాప్‌లను వెనకాల నిద్రపుచ్చేస్తాయి, గుర్తు రావాల్సిన టైముకి రాదు, మనం మనల్నే తిట్టుకుంటాం. సెట్టింగ్స్‌లో బ్యాటరీ దగ్గరకి వెళ్లి క్యాలెండర్‌కి ఆ ఆంక్ష తీసెయ్. నేను రెండేళ్లు ఇది తెలియక నానా అవస్థ పడ్డాను.

ఎచ్చెర్ల_చివరి_బెంచి

మాస్టారూ, బాగా చెప్పారు కానీ క్యాలెండర్ విషయంలో నాకు కుదరలేదండీ. ఫోన్ తీయడమే నాకు ప్రమాదం. నేను పీజీ చదువుతున్నాను, నాకు నిలిచింది ఒక చిన్న జేబు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. రోజుకు ఒక పేజీ, మూడు పనులే, నాలుగోది రాయను. ఫోన్ వాడి తీరాలి అనుకుంటే అక్కకి ఒకటి చెబుతాను, వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పంపుకోవచ్చు కదా, ఆ చాట్‌ని పైన పిన్ చేసి వాయిస్‌లో చెప్పేయండి. టైప్ చేసేలోపే నాకు మాట ఎగిరిపోతుంది, చెప్పడం రెండు సెకన్లు.

ఇంకా, పక్కన ఒక మనిషి ఉంటే చాలు పని అయిపోతుంది నాకు. మా ఫ్రెండ్ సాలూరులో ఉంటాడు, రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ పెట్టుకుని ఇద్దరం మ్యూట్‌లో చదువుకుంటాం, ఒక్క మాట ఉండదు. దీన్ని బాడీ డబ్లింగ్ అంటారట, పేరు తెలియకముందు నుంచే చేస్తున్నాం. పొమొడోరో టైమర్ కూడా చూశాను, ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు ఆగడం. మొదలెట్టడానికి ఇరవై ఐదు నాకు కొండలా ఉంటుంది, అందుకే ఏడు నిమిషాలు పెట్టుకుంటాను. ఏడు అయ్యాక ఎలాగూ ఆగబుద్ధి కాదు.

నాకింకా ఎవరూ పరీక్ష చేసి చెప్పలేదు, నెట్‌లో చదివి అనుకుంటున్నానంతే. ఇంట్లో చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ అడగాలి?

తోటపాలెం_సిస్టర్

తమ్ముడూ, ముందు నీకు. 14416కి ఫోన్ చెయ్, అది మానసిక ఆరోగ్యం హెల్ప్‌లైన్, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు ఫోన్లోనే జబ్బు తేల్చేయరు, ఎవరి దగ్గరకు వెళ్లాలో దారి చెబుతారు. నిద్ర సరిగ్గా లేకపోయినా, థైరాయిడ్ తేడా ఉన్నా, మనసులో దిగులు ఉన్నా ఇలాగే ధ్యాస నిలవకపోవచ్చు, కాబట్టి చూపించుకోకుండా పేరు పెట్టేసుకోకు. పన్నెండేళ్ల లోపే లక్షణాలు ఉన్నాయా అని అడుగుతారు, అమ్మనో నాన్ననో తీసుకెళ్తే మంచిది, పాత ప్రోగ్రెస్ కార్డులుంటే అవీ పట్టుకెళ్లు.

ఇప్పుడు చెల్లెమ్మకి. నేను నర్సుని, నాకూ ఏడీహెచ్‌డీ ఉంది. వార్డులో డ్యూటీ ఎలా చేస్తున్నావని అందరూ అడుగుతారు. అక్కడ ప్రతి పనికీ ఒక చార్ట్, ఒక టైము, ఒక సంతకం ఉంటాయి కాబట్టి వార్డులో నేను బాగానే ఉంటాను. ఇంటికొచ్చాకే చెదిరిపోయేదాన్ని. చాలా ఏళ్లకు అర్థమైంది, వార్డులో ఉన్నవి ఇంట్లో లేవని.

స్మార్ట్‌వాచ్ కొనాలనుకుంటే ఒక్క పనికే కొను, మణికట్టు మీద వణుకు కోసం. చప్పుడు అలవాటైపోయినవాళ్లకి ఒంటికి తగిలేది పనికిరావచ్చు. వాట్సాప్, ఇన్‌స్టా నోటిఫికేషన్లు వాచీకి రానివ్వకు, అలారం, క్యాలెండర్, కాల్స్ మాత్రమే ఉంచు. అన్నీ వదిలావంటే రెండు వారాల్లో ఆ వణుకు కూడా ఈగ వాలినట్టే ఉంటుంది. అంత ఎందుకనుకుంటే మామూలు డిజిటల్ వాచీ చాలు. నా దగ్గర ఉన్నది క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ, 1989 నాటి మోడలు, ఇప్పటికీ అమ్ముతున్నారు, ఛార్జింగ్ గొడవ లేదు, గంట గంటకీ పీప్‌పీప్ మంటుంది. అది మోగిన ప్రతిసారీ "నేనిప్పుడు ఏం చేస్తున్నాను" అని చూసుకుంటాను. మునిగిపోయిన మనిషిని భుజం తట్టినట్టు ఉంటుంది.

పొయ్యికి వేరే చెబుతాను. వంటింట్లో ఫోన్ టైమర్ వద్దు. వెనకాల అయస్కాంతం ఉన్న చిన్న కిచెన్ టైమర్ దొరుకుతుంది, పాలు పెట్టగానే నొక్కి, హాల్లోకి వెళ్తే దాన్ని కూడా చేత్తో పట్టుకుని వెళ్లు. చేతిలో టైమర్ ఉంటే పొయ్యి మీద ఏదో ఉందని చెయ్యే గుర్తు చేస్తుంది. నా ఇంట్లో పాలు పొంగి చాలా నెలలైంది.

మందులు వాడుతున్నావో లేదో రాయలేదు, అడగను కూడా. వాడుతుంటే మాత్రం ఇది చదువు. వారం రోజుల గళ్లున్న మాత్రల డబ్బా కొనుక్కో, వందలోపే వస్తుంది. యాప్‌లో "వేసుకున్నాను" అని టిక్కు పెట్టి మాత్ర వేసుకోవడం మర్చిపోవచ్చు, డబ్బాలో గడి ఖాళీగా ఉందా లేదా అన్నది అబద్ధం చెప్పదు. వేసుకున్నానో లేదో అనుమానం వస్తే ఇంకోటి వేసేసుకోవద్దు, డాక్టర్‌ని అడుగు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందకి వస్తాయి, చీటీ లేకుండా ఇవ్వరు, అన్ని షాపుల్లోనూ ఉండదు కూడా. మన జిల్లాల వాళ్లకి చాలామందికి విశాఖ వెళ్లి రావాలి. కాబట్టి మాత్రలు అయిపోయే రోజుకి పది రోజుల ముందు "స్ట్రిప్ లెక్కపెట్టు, అపాయింట్‌మెంట్ తీసుకో" అని క్యాలెండర్‌లో పెట్టుకో. ధ్యాస లేకపోవడానికి వేసుకునే మందును ధ్యాస పెట్టి తెచ్చుకోవాల్సి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చీపురుపల్లి_ఇంటాయన

నాకు లేదండీ, మా ఆవిడకి ఉంది. సొంతంగా వాడినవాళ్లే చెప్పమన్నారు కానీ, మీ అత్తయ్య గారి సంగతి చదివి ఊరుకోలేకపోయాను.

పెళ్లయిన కొత్తలో నేనే ఆవిడకి అలారం. "గ్యాస్ కట్టావా, బిల్లు కట్టావా" అని రోజుకు ఇరవైసార్లు. ఆవిడ నా గొంతు వింటేనే ముడుచుకుపోయే స్థితి వచ్చింది. ఇప్పుడు ఆ పని వంటింట్లో గూగుల్ స్పీకర్ చేస్తోంది, తడి చేతులతో ఉండగానే ఇంగ్లీషులో పది నిమిషాల టైమర్ అడిగితే పెడుతుంది. గుర్తు చేసేది వస్తువు అయ్యేసరికి మా మధ్య మాటలు మళ్లీ మాటల్లా అయ్యాయి. ఇద్దరికీ కలిపి ఒక క్యాలెండర్ ఉంది, నేను ఏది చెప్పాలన్నా అందులో రాస్తాను.

తాళాలకి బ్లూటూత్ ట్యాగ్ కొన్నాం, ఫోన్లోంచి నొక్కితే మోగుతుంది. కొనేముందు మీ ఫోన్‌కి పనిచేసేదేనా అని చూసుకోండి, ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ ఆండ్రాయిడ్ ఫోన్‌తో సెట్ అవ్వదు. కానీ నిజం చెప్పాలంటే ట్యాగ్ కంటే గుమ్మం పక్కన కొట్టిన మేకు ఎక్కువ పనిచేసింది. లోపలికి వచ్చాక కాదు, చెప్పులు విప్పే చోటే ఉండాలి ఆ మేకు. మొదట హాల్లో కొట్టాం, ఒక్కరోజూ తగిలించలేదు.

మీ అత్తయ్య గారిని వీలైతే ఒకసారి డాక్టరు దగ్గరకు వెంట తీసుకెళ్లండి. మా అమ్మ మా మాట నాలుగేళ్లు వినలేదు, డాక్టరు గారి మాట పది నిమిషాల్లో వింది.

జీడితోట_31

అందరికీ పేరుపేరునా దండాలు. ఇవన్నీ చదివి వెంటనే రాద్దామనుకున్నాను, మూడు వారాలు గడిచిపోయాయి.

మాస్టారూ, మీ మాట మా పనికి అచ్చంగా సరిపోయింది. 14న జీఎస్టీ పోర్టల్‌లో 2బీ, అంటే షాపు కొనుగోళ్ల మీద కట్టిన పన్ను వివరాల పట్టీ, వస్తుంది, కాబట్టి "2బీ రాగానే" అన్నదానికి ముడిపెట్టాను. 15, 16, 17 తేదీల్లో రోజుకు ఎనిమిది షాపులు. క్యాలెండర్‌లోంచి 20 తీసేశాను, నా ఆఖరి తేదీ 18. అలారం 10:10కి మోగుతుంది, అప్పటికి కుర్చీలో ఉంటాను. ఫోన్ బ్యాటరీ సెట్టింగ్ చూస్తే నిజంగానే క్యాలెండర్ నిద్రపోతోంది!

సిస్టర్ గారూ, స్మార్ట్‌వాచ్ ఆలోచన మానుకున్నాను, మీరు చెప్పిన మామూలు వాచీయే కొన్నాను. కిచెన్ టైమర్ అత్తయ్య చేతికి వెళ్లిపోయింది, ఆవిడే నొక్కుతున్నారు, "ఇది బాగుందమ్మా" అన్నారు. మేకు కూడా కొట్టించాను, చెప్పుల స్టాండు పైన. ఇప్పటికి రెండుసార్లు తాళాలు బ్యాగులోనే ఉండిపోయాయి, మిగతా రోజులు మేకుకే ఉన్నాయి. తమ్ముడూ, 14416కి చేశావా? చేస్తే ఇక్కడ రాయి.

ఇవాళ 18. సాయంత్రం అయ్యేసరికి ఇరవై మూడింటిలో ఇరవై రెండు వేసేశాను, మొదట వేసింది ఆ జీడిపప్పు ఆయనదే. మిగిలిన ఒక్క షాపు వాళ్లు బిల్లులు ఇంకా పంపలేదు. రేపు బస్సు కాంప్లెక్స్‌లో ఆగగానే, దిగిన చోటే నిలబడి వాళ్లకి ఫోన్ చేస్తాను.